రెండో పీరియడ్‌లో ఖోఖో

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఏ పెళ్లిలోనో బస్టాండులోనో నన్ను పట్టుకుని ఒకే మాట అడుగుతారు. "మేడం, పిల్లలకు ఆటలతోటి పాఠాలు చెప్పాలంటున్నరు. మీరు చెప్పేటోళ్లట గదా, ఎట్ల చెప్పాలె?" రిటైరైన మనిషిని సలహా అడగడం ఎంత ప్రమాదమో పాపం వాళ్లకింకా తెలియదు. నేను కూర్చోబెట్టి మొదలుపెడతాను. చాయ్ చల్లారిపోతుంది. చివరికి వాళ్లకు దక్కేది ఒక్క సలహా: ఆట మొదలుపెట్టే ముందు గెలుపంటే ఏమిటో పిల్లలకు చెప్పండి. నేను చెప్పలేదు. దానివల్ల ఏం జరిగిందో పూర్తిగా చెబుదామంటే ప్రతిసారీ ఎవరిదో ఒకరి బస్సు వచ్చేస్తోంది. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో నేను గోదావరి పక్కన బొగ్గుగనుల ఊళ్లో, ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మాది హుస్నాబాద్ వైపు. పత్తి, మక్కజొన్న తప్ప మరొకటి చూసి ఎరగను. బదిలీ మీద ఆ ఊరికి వెళ్లిన మొదటివారం, కిటికీ తుడిచిన గుడ్డను పిండితే వచ్చిన నీళ్లు చూసి బిత్తరపోయి, ఇంటి యజమానురాలిని పిలిచి మరీ చూపించాను. ఆమె నావైపు జాలిగా చూసి, "గిదేం నలుపు మేడం, ఎండకాలం రానియ్యిండ్రి" అని వెళ్లిపోయింది.

అక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. నాన్న ఏడీ అంటే బాయి మీదికి పోయిండంటారు. నా క్లాసులో నదికి ఈ ఒడ్డు పిల్లలు, ఆ ఒడ్డు పిల్లలు, తాతల కాలంలో ఎక్కడినుంచో పనికోసం వచ్చి నిలిచిపోయిన కుటుంబాల పిల్లలు, అందరూ ఉండేవారు. ఇంట్లో ఏ భాష మాట్లాడినా అందరికీ మొదట వచ్చేవి మాత్రం షిఫ్టుల లెక్కలు. టైమెంతయిందిరా అంటే "ఫస్ట్ షిఫ్టోళ్లు బాయిలకెళ్లి పైకెక్కే టైమైంది మేడం" అనేవారు. బాయి గేటు దగ్గర ఒక బోర్డుండేది. ఆ రోజు ఎంత బొగ్గు తీశారో దానిమీద రాసేవారు. టార్గెట్ దాటితే మిఠాయి పంచేవారు. తండ్రి జేబులో సగం నలిగి ఇంటికి చేరిన ఆ లడ్డూలు తిని పెరిగిన పిల్లలు వాళ్లు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మా బడి సరిగ్గా టిప్పర్ల రోడ్డు మీద ఉండేది. ఓపెన్‌కాస్టు గనిలో తవ్విన బొగ్గును రైల్వే సైడింగుకు మోసే టిప్పర్లు మా ప్రహరీ పక్కనుంచే పోయేవి. పొద్దున నీళ్ల ట్యాంకర్ వచ్చి రోడ్డు తడిపిపోయేది. మధ్యాహ్నానికి రోడ్డు ఆరిపోయేది, టిప్పర్లు పెరిగేవి. ఇక దేశంలో అన్ని బళ్లలాగే మా బడిలోనూ ఆటల పీరియడ్ చివరిది. ఎందుకు చివరిదని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పిల్లలు దుమ్ములో ఉరుకుతుంటే మా పీఈటీ సారు విజిల్ నోట్లో పెట్టుకుని, ఒక ఊదు, రెండు దగ్గులు చొప్పున ఆట నడిపించేవాడు.

హెడ్మాస్టరుగారి గురించి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. ఆ ఊళ్లో తెల్లబట్టలు కట్టే ధైర్యం ఆయన ఒక్కరికే ఉండేది. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. కిటికీలు మూసిన తన గదిలో పొద్దున కూర్చుంటే సాయంత్రం వరకు ఒక్క మరక లేకుండా లేచేవారు. ఆయన సబ్జెక్టు లెక్కలు. ఆయనకు ఇష్టమైనది రెండో పీరియడ్. "మొదటి పీరియడ్ల పిల్లలకు నిద్ర వోదు, మూడో పీరియడ్ల ఆకలైతది. మెదడు పనిచేసేది రెండో పీరియడ్లనే మేడం" అని నాతో ఎన్నోసార్లు అన్నారు. ఆ పీరియడ్‌ను లెక్కలకు రాసిచ్చి, మూడు రంగుల సిరాతో టైమ్‌టేబుల్ తయారుచేసి, అద్దం బిగించి, గోడకు వేలాడదీశారు. దేవుడి పటానికైనా ఏడాదికోసారి దుమ్ము దులుపుతారు, ఆ టైమ్‌టేబుల్‌ను ఆయన రోజూ తుడిచేవారు.

ఇక మా ఎనిమిదో తరగతి పిల్ల. ఆ పిల్లకు ఆయాసం ఉండేది, అక్కడివాళ్లు దమ్ము అంటారు. తండ్రి బాయిలో పనిచేసేవాడు, తల్లి, ఆ పిల్ల మాటలో అవ్వ, ఇంటిదగ్గర బట్టలు కుట్టేది. ఆటల పీరియడ్ రాగానే అందరూ చెప్పులు విడిచి ఆ పిల్ల ముందు కుప్పపోసి గ్రౌండులోకి పరుగెత్తేవారు. ఆమె వరండాలో కూర్చుని చెప్పులకు కాపలా కాసేది. కాపలా కాస్తూ ఊరుకునేదా అంటే, లేదు. ఖోఖో నియమాలన్నీ ఆమెకు కంఠస్థం. "గీత దాటిండు సార్! ఫౌల్! మీకు కనవడుతలేదా?" అని వరండాలోంచి ఒకటే లొల్లి. పీఈటీ సారు ఒకసారి నాతో మొరపెట్టుకున్నాడు. "మేడం, ఆ పిల్లను ఆడనిచ్చినా బాగుండు, జర నోరన్న మూసుకుంటది."

కానీ ఆడనివ్వడం ఎవరి చేతిలోనూ లేదు. చిన్నప్పుడు ఒకసారి పరుగెత్తి పడిపోయిందట. అప్పటినుంచి తల్లి ప్రతి ఏడూ జూన్‌లో బడికి వచ్చి కొత్త టీచర్లందరికీ చేతులెత్తి దండం పెట్టి, "నా బిడ్డను ఉరికియ్యకుండ్రి" అని చెప్పిపోయేది. నాకూ చెప్పింది. నేనూ సరేనన్నాను. ఆ పిల్ల పక్కనే నిలబడి, మా మాటలు తనకు పట్టనట్టు, గ్రౌండువైపు చూస్తూ ఉండేది.

ఇట్లా ఉండగా దసరా సెలవులు ముగిసి బడి తెరిచేసరికి పైనుంచి ఒక ఉత్తర్వు, దాని వెనక ఒక అట్టపెట్టె వచ్చాయి. గాలి గురించి, కాలుష్యం గురించి పిల్లలకు ఆటల ద్వారా నేర్పాలట. పెట్టెలో పాచికలు, పావులు, రంగురంగుల పటం ఉన్నాయి. పాము, నిచ్చెన ఆటే, కాస్త చదువుకున్న పాములన్నమాట. ఒక గడిలో సూటు వేసుకున్న పెద్దమనిషి సైకిల్ తొక్కుతున్నాడు, అక్కడ నిచ్చెన. నా క్లాసులో ఒకడు చాలాసేపు చూసి అడిగాడు. "మేడం, సూటేసుకోని సైకిల్ మీద పోతుండు, ఈయనకు జీతం తక్కువనా?" ఇంకో గడిలో, కారు మాని మెట్రో రైలెక్కితే మూడు గళ్లు ముందుకెళ్లొచ్చని రాసి ఉంది. "మనూళ్ల మెట్రో లేదు గదా మేడం. మరి మనం గీన్నే ఉండాల్నా?" అని ఒక పిల్ల నిజంగానే దిగులుపడింది.

నాకు పౌరుషం వచ్చింది. పౌరుషం వచ్చిన సైన్సు టీచరుకంటే ప్రమాదకరమైన ప్రాణి బడిలో ఇంకొకటి ఉండదు. నేనే ఒక ఆట తయారుచేశాను. తెల్ల అట్టముక్కలు కత్తిరించి, వాటిమీద చలికాలం పెదాలకు రాసుకునే జెల్లీ పలుచగా పూయాలి. ఎక్కడైనా ఒక పీరియడ్ సేపు వేలాడదీస్తే గాలిలోని దుమ్ము వచ్చి అంటుకుంటుంది. తర్వాత భూతద్దం పెట్టి చుక్కలు చూడాలి. కంటికి కనిపించని సన్నటి దుమ్ము దీనికి దొరకదు, ఊపిరితిత్తుల్లో లోతుగా పోయేది అదే, దానికి వేరే యంత్రాలు కావాలి. ఆ మాట కూడా చెప్పాను. క్లాసును జట్లుగా చేశాను. ఏ జాగాలో గాలి ఎట్లా ఉందో కనిపెట్టండి, శనివారం చూద్దాం, గెలిచిన జట్టుకు బహుమతి అని ప్రకటించాను. గెలవడమంటే ఏమిటి మేడం అని ఒక్కరూ అడగలేదు. ఎంత తెలివైన పిల్లలో అని మురిసిపోయాను.

ఆ వారం పిల్లల హుషారు చూసి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. ఒక జట్టు షిఫ్టులు వేసుకుని అట్టకు కాపలా కాసింది. ఇంకో జట్టు జాగా చెప్పమంటే రహస్యమంది. ఆయాసం పిల్లను ఏ జట్టులో వేయాలో తెలియక, ఒంటరిగానే ఆడమన్నాను. ఆమె మాత్రం రోజూ వచ్చి "మేడం, ఇంకో అట్ట" అనేది. ఇచ్చింది ఏం చేశావంటే నవ్వేది. మళ్లీ మరునాడు "మేడం, ఇంకోటి." జెల్లీ డబ్బా అడుగంటుతోందని విసుక్కున్నాను కూడా.

శనివారం వచ్చింది. మొదటి జట్టు అట్ట చూసి నోరెళ్లబెట్టాను. పెనం అడుగు అంత నల్లగా ఉంది. రెండో జట్టుది చూస్తే మొదటిది తెల్లగా ఉన్నట్టనిపించింది. మూడోది అట్టనా బొగ్గుపెళ్లనా తెలియలేదు, పట్టుకుంటే చేతికి అంటింది.

"ఎక్కడ పెట్టార్రా ఇది?"

"మా బాపు బండి సైలెన్సర్ల మేడం! రేజ్ చేసి చేసి పెట్రోల్ అయిపోయింది."

"మాది బజ్జీల బండి పొయ్యి మీద మేడం. బజ్జీలామె తిట్టింది, అయినా తీయలే."

"మేం రాత్రంత బొగ్గు బస్తల వెట్టినం!" అన్నాడు మూడో జట్టు నాయకుడు. ఛాతీ విరుచుకుని మరో మాట కలిపాడు. "టార్గెట్ కొట్టినం మేడం! మిఠాయి ఎప్పుడు?"

అప్పుడు వెలిగింది నాకు. బాయి గేటు బోర్డు చూసి పెరిగిన పిల్లలకు ఎంత నలుపైతే అంత గెలుపు. దానికి ఎవరినీ అడగాల్సిన పనేముంది? గాలి కాలుష్యం గురించి నేర్పుదామని బయలుదేరి, వారం రోజుల్లో ఊరి గాలిని నావంతు కాస్త పాడుచేశానన్నమాట. ఆ మాట చెబితే హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని ఆ భుజాలు చూస్తేనే తెలిసింది.

చివరగా ఆయాసం పిల్ల లేచి తన అట్ట చూపించింది. దాదాపు తెల్లగా ఉంది. క్లాసంతా ఘొల్లుమంది. "మీ బాయి బందయిందే!" అని వెనక బెంచీలోంచి ఎవడో అరిచాడు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. కానీ కూర్చోలేదు. సంచిలోంచి ఇంకా అట్టలు తీసి బల్లమీద వరుసగా పేర్చింది.

"గివన్ని మన గ్రౌండ్లయే మేడం. ఖోఖో స్తంభానికి గట్టిన. గిది ప్రేయర్ టైముది, క్వార్టర్ల లైన్లల్ల నీళ్లు కాగవెట్టుకునే బొగ్గుపొయ్యిల పొగుంటది, జర నల్లగొచ్చింది. గిది రెండో పీరియడ్ ది. పొగ పోయింది, రోడ్డు ఇంక తడిగనే ఉంది, తెల్లగొచ్చింది. గిది అన్నం తిన్నంక. గిది ఆటల పీరియడ్ ది."

ఆటల పీరియడ్ అట్ట అన్నిటికంటే నల్లగా ఉంది. సైలెన్సర్ లేదు, బొగ్గు బస్తా లేదు. అందరూ రోజూ ఉరికే చోటే.

"ఒక్కదానివే ఇన్ని ఎందుకు పెట్టావే?" అని అడిగాను.

"డాక్టర్ సారు నన్ను ఆడొద్దనలే మేడం, దుమ్ముల ఆడొద్దన్నడు. అవ్వ ఆడొద్దన్నది మాత్రమే ఇన్నది. దుమ్ము లేని టైమున్నదా అని చూసిన." ఆగి, మెల్లగా అంది. "ఉన్నది మేడం. రెండో పీరియడ్ల ఉన్నది."

క్లాసులో నవ్వులు ఆగిపోయాయి.  నేను పెట్టిన ఆటను నేను అనుకున్నట్టుగా ఆడింది ఆ పిల్ల ఒక్కతే. జెల్లీ కోసం విసుక్కున్నది ఆమె మీదే కదా అని సిగ్గుపడ్డాను.

సరే, తెల్లటి పీరియడ్ దొరికింది. కానీ అది ఎవరిది? హెడ్మాస్టరుగారిది. పులి నోట్లోంచి ముద్ద లాగడమన్నమాట. నేనూ పీఈటీ సారూ కలిసి గదిలోకి వెళ్లాం. నేను అట్టలు బల్లమీద పరిచి, ఎనిమిదో తరగతికైనా ఆటలు రెండో పీరియడ్‌కు మారుద్దామని, లెక్కలు చివరికి జరుపుదామని చెప్పాను. ఆయన అద్దంలోని టైమ్‌టేబుల్ వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశారు.

"లెక్కల జాగల ఖోఖో? మేడం, మీకు పానం మంచిగున్నదా?"

"సార్, ఆ పిల్ల ఒక్కసారన్నా ఆడాలని..."

"పిల్ల సంగతి నాకు తెల్వదా? కానీ మీ అట్టల మీద నాకు నమ్మకం లేదు. మొన్న మిఠాయి కోసం సైలెన్సర్ల వెట్టిండ్రు. రేపు ఆట కోసం బీరువాల వెట్టరా?"

ఆయన అన్నంత పనీ అయింది. తెల్ల అట్ట గెలిస్తే ఆటలు పొద్దున్నే వస్తాయని తెలియగానే, మరునాడు పిల్లలు అట్టలకు పాలిథిన్ కవర్లు తొడిగారు. ఒకడు ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి తెచ్చాడు. ఇంకొకడి అట్ట మీద జెల్లీయే లేదు. ఏ గాలికైనా, ఏ దుమ్ముకైనా లొంగని అట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలాగా ఉంది నా క్లాసు. పీఈటీ సారు నెత్తి కొట్టుకుని, "ఈళ్లకు నిజాయితీ మీద కూడా ఒక ఆట వెట్టుండ్రి మేడం" అన్నాడు.

చివరికి హెడ్మాస్టరుగారే తేల్చారు. "నేనే కూసుంట. అట్టల మీద నా సంతకముంటది, అట్టల పక్కకు నేనుంట. రెండో పీరియడ్ ఒకసారి, చివరి పీరియడ్ ఒకసారి. అప్పుడు మాట్లాడుదాం."

ఆ రోజు బడి బడిలా లేదు. రెండో పీరియడ్ గంట కొట్టగానే, ఎన్నేళ్లుగానో గ్రౌండులో అడుగుపెట్టని మనిషి, కుర్చీ వేయించుకుని గ్రౌండు నడుమ ఖోఖో స్తంభం పక్కన కూర్చున్నారు. ప్రతి కిటికీలోంచి తలలు. ఎండ లేతగా ఉంది. రోడ్డు తడిగా ఉంది. ఆయన పేపరు చదువుకున్నారు, కాలు మీద కాలు వేసుకున్నారు. గంట కాగానే అట్ట విప్పి చూసి, "ఊ" అన్నారు. అది తెల్లగానే ఉంది. ఒక్క ఊ తప్ప ఇంకేమీ అనకపోవడం ఆయన మర్యాద.

చివరి పీరియడ్‌కు మళ్లీ వచ్చి కూర్చున్నారు. మా అదృష్టమో ఆయన దురదృష్టమో, ఆ రోజు సైడింగులో గూడ్సు బండి వచ్చి నిలబడింది. అది నిండేదాకా టిప్పర్లకు విరామం ఉండదు. ఒకదాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి. ప్రహరీ మీదుగా దుమ్ము తెరలు తెరలుగా లేచి గ్రౌండు మీద పడుతోంది. పిల్లలు అలవాటుగా ఆడుకుంటున్నారు. హెడ్మాస్టరుగారు పేపరు మడిచి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత రుమాలు పెట్టుకున్నారు. నేను వెళ్లి "సార్, చాలు, లేవండి" అన్నాను. "పీరియడ్ అంటే పీరియడే మేడం" అన్నారు దగ్గుతూ. ఆ మొండితనానికి ఆ రోజు మాత్రం దండం పెట్టాలనిపించింది.

గంట కొట్టింది. ఆయన లేచి నిలబడ్డారు.  వీపు మీద కుర్చీ ఆనిన మేర మాత్రం మల్లెపువ్వులా ఉంది. మిగతా చొక్కా అంతా బూడిదరంగు. ఆయన అట్టకోసం చెయ్యి చాచేలోపే, నా క్లాసు పిల్లలు భూతద్దాలతో ఆయన చుట్టూ మూగారు. అట్టను ఒక్కరూ చూడలేదు.

"సార్, జర కదలకుండ్రి, లెక్కవెడుతున్న!"

"సార్, ఇటు తిరుగుండ్రి, మా జట్టుకు భుజం రాలే!"

నేను బిక్కచచ్చిపోయి చూస్తున్నాను. ఇక మొదలవుతుంది ఉరుములు, మెరుపులు అనుకున్నాను. ఆయన తిరిగారు. నిజంగానే, పిల్లలు ఎటు తిరగమంటే అటు తిరిగారు. తర్వాత ముక్కు చీది, రుమాలు విప్పి చూసుకుని, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రుమాలులో ఏం కనిపించిందో మాకెవరికీ చూపించలేదు. కాసేపటికి పీఈటీ సారు భుజం మీద చెయ్యేసి, "నువ్వు రోజూ గిందులనే విజిల్ ఊదుతున్నవా?" అని అడిగారు. 

"అలవాటైంది సార్."

"పిల్లలకు గూడ అలవాటైంది. నేనే కిటికీలు మూసుకోని కూసున్న."

ఆయాసం పిల్ల వరండాలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆయన ఆమె దగ్గరికి నడిచి వెళ్లి, "ఖోఖోల గెలుస్తవా?" అన్నారు.

"తెల్వది సార్, ఎన్నడు ఆడలే."

మరునాడు గోడమీది అద్దం దిగింది. మూడు రంగుల సిరాతో కొత్త టైమ్‌టేబుల్ ఎక్కింది. లెక్కలు చివరి పీరియడ్‌కు పోయాయి. భోజనం తిని, ఎండలో వాడి వచ్చిన పిల్లలకు బీజగణితం చెబుతూ ఆయన పడ్డ పాట్లు నేను పక్క క్లాసులోంచి విన్నాను. నిద్రపోతున్నవాడిని లేపి "ఎక్స్ విలువెంత?" అంటే, వాడు "హాజరు సార్" అన్నాడట. ఆయన ఆ కష్టం గురించి ఎవరితోనూ ఒక్కమాట అనలేదు. మధ్యాహ్నం కూడా ట్యాంకర్ పంపమని ఆయనా పీఈటీ సారూ వెళ్లి అడిగి వచ్చారు. పంపుతామన్నారు. పంపిన రోజులున్నాయి, పంపని రోజులున్నాయి. మిగతా తరగతులను కూడా ఒక్కొక్కటిగా పొద్దుటి పీరియడ్లలోకి జరిపాం. అందరికీ జాగా దొరకలేదు, అది నిజం.

అసలు గండం ఇంకా ఉంది. తల్లి. కబురు పెడితే బడికి వచ్చింది. చేతికి కుట్టుదారం చుట్టుకునే ఉంది, పని మధ్యలో లేచి వచ్చిందని తెలుస్తోంది. నేను అట్టలు చూపించాను. డాక్టరు దగ్గర మళ్లీ చూపించమన్నాను. ఆమె అన్నీ విని తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడం. మీకు తెల్వది. గా రోజు నా బిడ్డ పెదవులు నల్లవడ్డయ్. నా ఒళ్లెనే దమ్ము ఎగవోస్తుంటే నేను సచ్చి బతికిన. డాక్టర్ సారు ఆడుకోనీ అంటడు. ఆయన బిడ్డ గాదు గదా."

  అట్టలు ఎన్ని పరిస్తే మాత్రం తల్లి భయం పోతుందా? నేను అట్టలు సర్దుతుంటే ఆ పిల్లే అంది. "అవ్వా, నువ్వు గీడనే నిలవడు. నాకు దమ్మొస్తే నీకే ముందు తెలుస్తది గదా. నువ్వు కూసో అంటే కూసుంట."

తల్లి బిడ్డ గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "నేను కూసో అంటే కూసుంటవా?"

"కూసుంట."

"ఎదురు మాట్లాడవా?"

ఇక్కడ ఆ పిల్ల కాస్త ఆలోచించింది. అబద్ధం చెప్పే అలవాటు లేదు మరి. "జర మాట్లాడుత. కానీ కూసుంట."

డాక్టరు చూసి, ఆటకు ముందు పీల్చే మందు పీల్చమని, ఊపిరి ఏమాత్రం బరువైనా ఆపేయమని, పొగ, దుమ్ము ఉన్న రోజు వద్దని చెప్పాడు. ఆట రోజు నిర్ణయమైంది. పొద్దున్నే మబ్బు లేదు, రోడ్డు తడిసి ఉంది. ప్రేయర్ టైముకు పొయ్యిల పొగ ఇంకా తేలుతుంటే నేను రెండుసార్లు గ్రౌండులోకి వెళ్లి చూసొచ్చాను. రెండో పీరియడ్‌కు పలచబడి పోయింది. మందు పంపు నా చేతిలో ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే పీఈటీ సారు వచ్చి, "మేడం, ముందు మీరు పీల్చుండ్రి" అన్నాడు. హెడ్మాస్టరుగారు ఏదో పనున్నట్టు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. పని లేదని అందరికీ తెలుసు. తల్లి గ్రౌండు గీత బయట నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ పిల్ల ఉరికే జట్టులో బరిలోకి దిగింది. ఒక్కసారి చుట్టూ చూసుకుంది. ఎన్నేళ్ల నుంచో వరండాలోంచి చూసిన గ్రౌండు లోపలినుంచి ఎట్లా ఉంటుందో చూసుకుంటోందని నాకనిపించింది. విజిల్ మోగింది. తరుముతున్నది ఆమె పక్క బెంచీలో కూర్చునే దోస్తే. ఆ దోస్తు ఏ మాత్రం మొహమాటపడలేదు. ఆ పిల్ల ఇటు ఉరికింది, స్తంభం చుట్టూ తిరిగింది, అటు ఉరికింది, తప్పించుకున్నాననుకుని వెనక్కి చూసింది. చూసినందుకు వీపుమీద చరుపు పడింది. కళ్లు మూసి తెరిచేలోపు ఔట్. ఇన్ని అట్టలు, ఇంత రాద్ధాంతం, హెడ్మాస్టరుగారి ఒక చొక్కా, ఒక లెక్కల పీరియడ్, అంతా ఆ కాసేపటి పరుగు కోసం.

"ఔట్ కాదు సార్!" అని అరిచిందా పిల్ల. "అది గీత దాటి వచ్చి కొట్టింది! ఫౌల్!"

"ఔటంటే ఔటే. బయటికి నడువు" అన్నాడు పీఈటీ సారు.

"మీకు గీతే కనవడది సార్! నేను వరండాలకెళ్లి రోజూ చూస్తలేనా!"

"నడువుమన్ననా లేదా!"

కాళ్లు నేలకేసి కొడుతూ బయటికొచ్చింది. మొహం కందిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, నోరు తెరిచి రొప్పుతోంది.  పంపు తీసుకుని ఒక్క ఉదుటున పరుగెత్తాను. అప్పటికే తల్లి బిడ్డను పట్టుకుని, వీపుమీద చెవి ఆనించి వింటోంది. కదలకుండా, ఊపిరి బిగబట్టి విన్నది. నేను పంపు చాచాను. ఆమె తల పైకెత్తి, నా చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది. కళ్లనిండా నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"గది దమ్ము గాదు మేడం" అంది. "ఉరికొచ్చింది గదా, గందుకే రొప్పుతున్నది. అందరి పిల్లల్లెక్కనే."